స్కోరు రాస్తే ఆర్గాన్ పలకాలి: మ్యూజ్‌స్కోర్ నుంచి గ్రాండ్‌ఆర్గ్ దాకా

హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా, గట్టిగా గుద్దినా రీడ్ ఒకేలా పలుకుతుంది. శబ్దం పెరగాలంటే తిత్తి ఊదే చెయ్యి పెంచాలి. మెట్టు చేసే పని గాలికి దారి తెరవడం, మళ్లీ మూయడం. అంతే. పైప్ ఆర్గాన్‌ది కూడా సరిగ్గా ఇదే స్వభావం, కాకపోతే అక్కడ రీడ్ల బదులు వందలూ వేలూ గొట్టాలుంటాయి. ఏ వరస గొట్టాలు పలకాలో స్టాప్‌లు అనే గుబ్బలు చెబుతాయి.

ఈ సంగతి పట్టించుకోకుండా నేను మొదటిసారి ఒక ఆర్గాన్ స్కోరును (స్వరాలు రాసిన ప్రతిని) కంప్యూటర్‌లో టైప్ చేసి, వర్చువల్ ఆర్గాన్‌కు, అంటే కంప్యూటర్‌లోనే నడిచే ఆర్గాన్‌కు కలిపి ప్లే నొక్కాను. మూడు స్టాఫులూ (స్వరాలు రాసే అయిదు గీతల వరసలు) ఒకే కీబోర్డు మీద పడి కలగాపులగంగా మోగాయి. పెడల్ స్వరాలు, అంటే కాళ్లతో నొక్కే మెట్లవి, ఎడమచేతి స్వరాల్లో కలిసిపోయాయి. నేను ఎంతో శ్రద్ధగా పెట్టిన పియానో (మెల్లగా), ఫోర్టే (గట్టిగా) గుర్తుల్లో ఒక్కటీ వినిపించలేదు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఏ మెట్టు, ఎంతసేపు అన్నది మాత్రమే స్కోరు చెప్పింది. ఏ కీబోర్డు, ఏ స్టాప్ అన్నది నేనే చెప్పలేదు.

ఆ రెండూ స్కోరు లోపలి నుంచే ఎలా చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను. స్కోరు రాసేది మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, దాన్ని పలికించేది గ్రాండ్‌ఆర్గ్ అనే వర్చువల్ ఆర్గాన్. ఉదాహరణకు బాహ్ రాసిన చిన్న కోరల్ ప్రెల్యూడ్ (చర్చి పాట మీద అల్లిన ఆర్గాన్ ముక్క) తీసుకుందాం, బాహ్ రచనల జాబితాలో దాని నంబరు బీడబ్ల్యూవీ 639. ఎఫ్ మైనర్‌లో ఉంటుంది, మూడే గొంతులు. కుడిచేతిలో అలంకారాలతో పాట, ఎడమచేతిలో ఆగకుండా పారే చిన్న స్వరాలు, పెడల్ మీద గుండె కొట్టుకున్నట్టు మళ్లీ మళ్లీ వచ్చే ఎయిత్ నోట్లు. మూడు గొంతులకు మూడు వేర్వేరు చోట్లు కావాలి కాబట్టి మన పాఠానికి ఇంతకన్నా మంచి ముక్క దొరకదు. నిడివి కూడా తక్కువే, ఒక సాయంత్రంలో టైప్ చేసేయొచ్చు.

ముందు ఆర్గాన్‌ను ఒంటరిగా పలికించండి

గ్రాండ్‌ఆర్గ్ ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. హాప్ట్‌వెర్క్ కూడా అలాంటిదే, కానీ డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. దానితో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గరున్న సెయింట్ ఆన్స్, మోజ్లీ చర్చి ఆర్గాన్ వస్తుంది. కింద చెప్పే పద్ధతి రెండింటికీ పనికొస్తుంది, మెనూల పేర్లు మాత్రం గ్రాండ్‌ఆర్గ్‌వి.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంటే శబ్దం రాదు, శాంపిల్ సెట్ కావాలి. అసలైన చర్చి ఆర్గాన్‌లో ఒక్కో గొట్టాన్నీ విడిగా రికార్డు చేసిన మూట అది. ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి. ఆస్ట్రియాలోని ఫ్రీసాఖ్ ఆర్గాన్‌ను పియోత్ర్ గ్రాబోవ్‌స్కీ అలా ఉచితంగానే ఇచ్చాడు. మొదటిసారి మాత్రం రెండు మాన్యువల్స్ (చేతి కీబోర్డులు), ఒక పెడల్ ఉన్న చిన్న సెట్టుతో మొదలుపెట్టండి. నాలుగు మాన్యువల్స్ ఉన్న కెథడ్రల్ సెట్ చూడగానే చెయ్యి లాగుతుంది కానీ, అది ర్యామ్‌ను మింగేస్తుంది. శాంపిల్స్ అన్నీ ర్యామ్‌లోకే ఎక్కుతాయి మరి. ర్యామ్ సరిపోకపోతే ఆర్గాన్ సెట్టింగ్స్‌లో శాంపిల్ సైజు 16 బిట్లకు తగ్గించండి, లాస్‌లెస్ కంప్రెషన్ ఆన్ చేయండి.

ఇప్పుడు సౌండ్ సెట్టింగులు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా లేటెన్సీ తగ్గించండి, బఫర్ చిన్నది పెట్టండి అనే సలహాలే కనిపిస్తాయి. అవి వేళ్లతో వాయించేవాళ్లకు. మన ఆర్గాన్‌ను వాయించేది స్కోరు. అది ఆలస్యం గురించి ఫిర్యాదు చేయదు. బఫర్ ధైర్యంగా 1024 శాంపిల్స్ పెట్టండి. 48,000 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 21 మిల్లీసెకన్లు. పాత ల్యాప్‌టాప్ కూడా చిటపటలు లేకుండా నడుస్తుంది. అప్పటికీ చిటపటలు వస్తే పాలిఫనీ పరిమితి, అంటే ఒకేసారి పలికే గొట్టాల సంఖ్య తగ్గించండి. నాలుగు స్వరాల కార్డును (కలిపి పలికే స్వరాల గుంపును) పది స్టాప్‌లతో నొక్కితేనే 40 గొట్టాలు పలుకుతాయి. వదిలేశాక చర్చి గోడల్లో మోగే శబ్దాలు దానికి అదనం.

తెర మీది మెట్లను మౌస్‌తో నొక్కి, ఒక స్టాప్ లాగి, శబ్దం వస్తోందో లేదో చూసుకోండి. ఇది తేలకుండా మిడి (వాయిద్యాలు, సాఫ్ట్‌వేర్లు స్వరాలను ఒకదానికొకటి పంపుకునే పద్ధతి) జోలికి వెళ్తే తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

స్కోరును రెండు చేతులు, కాళ్లుగా విడదీయండి

మ్యూజ్‌స్కోర్‌లో ఆర్గాన్ అనే వాయిద్యం రెడీగానే ఉంది. దాన్ని ఎంచుకుని అన్ని స్టాఫులూ అందులోనే రాయాలనిపిస్తుంది. అలా చేయకండి. ఒకే వాయిద్యం కింద ఉన్న స్టాఫులన్నీ ఒకే మిడి ఛానెల్ మీద వెళ్తాయి. ఛానెల్ ఒకటే అయితే ఆర్గాన్‌కు కుడిచెయ్యేదో కాలేదో తేడా తెలియదు.

బదులుగా మూడు విడి వాయిద్యాలు పెట్టండి. మూడింటికీ ఆర్గాన్ వాయిద్యాన్నే ఎంచుకుని, ఒక్కోదాంట్లో ఒక్క స్టాఫ్ ఉంచి మిగతావి తీసేయండి. పేర్లు మార్చండి: మాన్యువల్ 1, మాన్యువల్ 2, పెడల్. వయొలిన్ లాంటివి ఎంచుకుంటే చిక్కు, ఎందుకంటే మ్యూజ్‌స్కోర్ 3లో విల్లుతో వాయించడానికి ఒకటి, మీటడానికి ఒకటి అంటూ ఒక్క వయొలినే మూడు ఛానెళ్లు తీసేసుకుంటుంది. మిడికి ఉన్నవే 16 ఛానెళ్లు. 1983లో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచీ అంతే. అందులో 10వది డ్రమ్స్‌కు వాడే ఆనవాయితీ ఉంది కాబట్టి దాన్ని వదిలేయండి.

పెడల్ స్టాఫ్ రాసేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పెడల్ శబ్దం బాగా కింద వినిపించాలి కదా అని స్వరాలను ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి దించి రాస్తారు. వద్దు, బాహ్ ఎక్కడ రాశాడో అక్కడే రాయండి. కిందికి దించే పని 16 అడుగుల స్టాప్ చూసుకుంటుంది. 8 అడుగుల స్టాప్ అంటే రాసిన స్వరమే పలుకుతుంది. దాని అట్టడుగు సి గొట్టం దాదాపు 8 అడుగుల పొడవుంటుంది కాబట్టి ఆ పేరు. 16 అడుగులది ఒక ఆక్టేవ్ కింద, 4 అడుగులది ఒక ఆక్టేవ్ పైన పలుకుతాయి.

స్వరాల హద్దులు కూడా చూసుకోవాలి. మిడిలో మిడిల్ సి నంబరు 60. 61 మెట్ల మాన్యువల్ 36 నుంచి 96 దాకా, 32 మెట్ల పెడల్ 36 నుంచి 67 దాకా. కానీ బరోక్ కాలపు ఆర్గాన్లు చాలావరకు 84 దగ్గరే ఆగిపోతాయి. కొన్నింట్లో అట్టడుగున సి షార్ప్ మెట్టే ఉండదు. మీ స్కోరులో ఆ స్వరం ఉంటే ఎర్రర్ మెసేజ్ రాదు, ఏమీ రాదు. స్వరం నిశ్శబ్దంగా మాయమవుతుంది. ఇంకో మాట, ఒకే మిడిల్ సి ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అనీ కొన్ని సి4 అనీ పిలుస్తాయి. పేర్లను కాకుండా నంబర్లను నమ్మండి.

తెర వెనుక కేబుల్

రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి నిజమైన మిడి కేబుల్ అక్కర్లేదు, ఊహా కేబుల్ చాలు. విండోస్‌లో లూప్‌మిడి అనే చిన్న ప్రోగ్రాం వేసుకుని, ప్లస్ గుర్తు నొక్కితే ఒక పోర్ట్ తయారవుతుంది. మ్యాక్‌లో ఏదీ వేసుకోనక్కర్లేదు. ఆడియో మిడి సెటప్ తెరిచి, మిడి స్టూడియోలో ఐఏసీ డ్రైవర్ మీద రెండుసార్లు నొక్కి, డివైస్ ఆన్‌లైన్ అన్నచోట టిక్ పెట్టండి. లినక్స్ వాళ్లకు ఇదే పనికి ఆల్సా, జాక్ అనే వ్యవస్థలు ఉన్నాయి. క్యూజాక్‌కంట్రోల్‌లో గీతలు గీసి కలపడం వాళ్లకు కొత్త కాదు.

నిజమైన కేబుల్‌లో ఒక్కో నోటు వెళ్లడానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. పది వేళ్ల కార్డు అయితే 10 మిల్లీసెకన్ల మేర చెదురుతుంది. ఊహా కేబుల్‌కు ఆ బాధ లేదు.

మ్యూజ్‌స్కోర్ 3లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఐ/ఓ ట్యాబ్‌లో పోర్ట్‌మిడి అవుట్‌పుట్‌గా ఆ పోర్ట్‌ను ఎంచుకుని, ఒకసారి మూసి తెరవండి. గ్రాండ్‌ఆర్గ్ సెట్టింగ్స్‌లో మిడి డివైసెస్ దగ్గర అదే పోర్ట్‌ను ఇన్‌పుట్ వైపు టిక్ చేయండి. అవుట్‌పుట్ వైపు మాత్రం టిక్ చేయకండి. చేస్తే వచ్చిన నోటు మళ్లీ వెనక్కి వెళ్లి చక్కర్లు కొట్టొచ్చు. లూప్‌మిడి దాన్ని పసిగట్టి పోర్ట్‌నే ఆపేస్తుంది.

ఇప్పుడు ప్లే నొక్కితే మ్యూజ్‌స్కోర్ సొంత శబ్దం కూడా వినిపిస్తుంది. మిక్సర్‌లో మ్యూట్ చేస్తే మిడి కూడా ఆగిపోవచ్చు. సింథసైజర్ కిటికీలో మాస్టర్ వాల్యూమ్ పూర్తిగా దించేయండి.

మీది మ్యూజ్‌స్కోర్ 4 అయితే ఈ దారి వదిలేయండి. 2022 డిసెంబర్‌లో అది వచ్చినప్పుడు ప్లేబ్యాక్ వ్యవస్థ మొత్తం మార్చారు, జాక్ మద్దతు తీసేశారు. స్కోరును మిడి ఫైల్‌గా ఎగుమతి చేసి, ఏదైనా సీక్వెన్సర్‌లో (మిడి ఫైల్‌ను సవరించి ప్లే చేసే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి, ప్రతి ట్రాక్‌కు ఛానెల్ నిర్ణయించి, అవుట్‌పుట్‌గా ఇదే ఊహా పోర్ట్‌ను చూపండి. నిజానికి పని పూర్తయ్యాక తుది రికార్డింగుకు నేను వాడేది కూడా ఈ ఫైల్ దారే. లిలీపాండ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో స్కోరు రాసేవాళ్లకు కూడా ఇదే. అది మామూలుగానే స్టాఫుకు ఒక ఛానెల్ ఇస్తుంది కాబట్టి వాళ్లకు సగం పని తప్పినట్టే.

ఏ స్టాఫ్ ఏ మాన్యువల్‌కు

ఛానెల్ నంబర్లు వెతుక్కోనక్కర్లేదు, ఆర్గాన్ చేతే కనుక్కోనివ్వండి. మ్యూజ్‌స్కోర్ మిక్సర్‌లో మాన్యువల్ 1 స్టాఫును సోలో చేయండి. గ్రాండ్‌ఆర్గ్‌లో ఆ మాన్యువల్ మెట్ల మీద రైట్ క్లిక్ చేస్తే మిడి సెట్టింగ్స్ కిటికీ తెరుచుకుంటుంది. రిసీవ్ ట్యాబ్‌లో లిజన్ ఫర్ ఈవెంట్ నొక్కి, స్కోరును ప్లే చేయండి. వచ్చిన మొదటి నోటును పట్టుకుని ఛానెల్‌ను అదే నింపుకుంటుంది. మిగతా రెంటికీ ఇలాగే చేయండి.

తర్వాత ఆ కిటికీలో కింది మెట్టు, పై మెట్టు నంబర్లు 0, 127గా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఇరుకుగా ఉంటే కొన్ని స్వరాలే పలుకుతాయి. డివైస్ అన్నచోట మీ పోర్ట్ పేరే ఉండాలి. లేకపోతే టేబుల్ మీదున్న యూఎస్‌బీ కీబోర్డు కూడా మధ్యలో దూరుతుంది.

రెండు మాన్యువల్స్‌లోనూ, పెడల్‌లోనూ చేత్తో స్టాప్‌లు లాగి మొత్తం ప్లే చేయండి. పాటకు 8 అడుగుల సోలో రీడ్ స్టాప్ ఒకటి, ఎడమచేతికి మెత్తని 8 అడుగుల ఫ్లూట్, పెడల్‌కు సబ్‌బాస్ 16తో పాటు ఒక చిన్న 8. ఇక్కడికే మీకు అసలు ఆర్గాన్ వినిపించడం మొదలవుతుంది. మొదటిసారి ఆ పెడల్ కింద నుంచి వచ్చినప్పుడు నేను స్పీకర్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.

నాలుగో స్టాఫ్: గుబ్బలు లాగే మనిషి

చర్చిలో ఆర్గనిస్టు పక్కన తరచూ ఇంకొకరు నిలబడి ఉంటారు. పేజీలు తిప్పుతారు, సమయానికి స్టాప్‌లు లాగుతారు, తోస్తారు. మన స్కోరులో ఆ మనిషి లేడు. అతన్ని నాలుగో స్టాఫుగా రాయాలి.

ఈ ఆలోచన మనది కాదు, చాలా పాతది. 1910ల్లో జర్మనీలోని వెల్టే కంపెనీ చేసిన ఫిల్హార్మోనిక్ ఆర్గాన్లలో చిల్లుల కాగితపు చుట్ట స్వరాలనే కాదు, స్టాప్‌లను, స్వెల్‌ను (శబ్దం పెంచి తగ్గించే తలుపుల పెట్టెను) కూడా నడిపేది. బ్రిటానిక్ ఓడ కోసం ఉద్దేశించిన అలాంటి ఆర్గాన్ ఒకటి ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని సేవెన్ మ్యూజియంలో ఉంది. మనం చేయబోయేది ఆ కాగితం మీద ఇంకొన్ని చిల్లులు పెట్టడమే.

ముందు ఆర్గాన్ వైపు పని. గ్రాండ్‌ఆర్గ్‌లో జనరల్స్ అనే ప్యానెల్‌లో నంబర్లున్న బటన్లుంటాయి. వీటినే పిస్టన్లంటారు. మీకు కావలసిన స్టాప్‌లన్నీ లాగి, సెట్ బటన్ నొక్కి, జనరల్ 1 నొక్కితే ఆ అమరిక మొత్తం అందులో గుర్తుంటుంది. తర్వాత సెట్‌ను మళ్లీ నొక్కి ఆపేయడం మరిచిపోకండి. లేకపోతే ప్లే చేసేటప్పుడు వచ్చిన ప్రతి పిస్టనూ పాత అమరికను చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. ఇది నాకు రెండుసార్లు జరిగింది. పిస్టన్లు నింపాక ఫైల్ మెనూలో సేవ్ కూడా కొట్టండి.

ఇక స్కోరు వైపు. ఇంకో ఆర్గాన్ వాయిద్యం చేర్చి, రిజిస్ట్రేషన్ (స్టాప్‌ల ఎంపిక) అని పేరు పెట్టి, అన్నిటికన్నా పైన ఉంచండి. అందులో ఒక్కో స్వరం ఒక్కో పిస్టన్: మిడిల్ సి అంటే జనరల్ 1, డి అంటే జనరల్ 2, ఇ అంటే జనరల్ 3. ఆ స్వరాన్ని ప్లే చేస్తూ, ఆయా బటన్ మీద రైట్ క్లిక్ చేసి లిజన్ ఫర్ ఈవెంట్‌తో పట్టించండి. ఈ స్టాఫ్ వేరే ఛానెల్ మీద ఉంది కాబట్టి ఏ మాన్యువల్ మీదా పలకదు, మీట నొక్కి ఊరుకుంటుంది.

మన ముక్క ఎఫ్ మైనర్‌లో ఉంది. కీ సిగ్నేచర్‌లో (స్టాఫ్ మొదట్లో ఉండే ఫ్లాట్, షార్ప్ గుర్తుల్లో) బి, ఇ, ఎ మూడూ ఫ్లాట్లే. కాబట్టి నాలుగో స్టాఫులో ఇ అని పెట్టినా అది ఇ ఫ్లాటుగా వెళ్లి జనరల్ 3ను తాకదు. నేను ఒక గంట గ్రాండ్‌ఆర్గ్‌ను తిట్టుకున్నాక ఇది తట్టింది. ప్యాలెట్ నుంచి ఫ్లాట్లు, షార్పులు లేని కీ సిగ్నేచర్‌ను కంట్రోల్ మీట పట్టుకుని ఆ స్టాఫ్ మీదికి లాగండి. ఆ ఒక్క స్టాఫుకే అది వర్తిస్తుంది.

రెండో సంగతి సమయం. పిస్టన్, స్వరం సరిగ్గా ఒకే క్షణంలో పెడితే ఏది ముందు చేరుతుందో చెప్పలేం. స్వరం ముందు చేరితే అది పాత స్టాప్‌తో మొదలై కొత్తదానికి దూకుతుంది, చెవికి మెలిక పడినట్టుంటుంది. పిస్టన్‌ను ఒక సిక్స్‌టీంత్ ముందుగా పెట్టండి. అయితే మరీ ముందుగా పెడితే ఇంకా మోగుతున్న వెనకటి స్వరం మీద పడుతుంది. మనిషి అయితే ఊపిరి తీసుకునే చోటు చూసి లాగుతాడు. మీరూ స్కోరులో అలాంటి సందే వెతకండి. సందు లేకపోతే వెనకటి స్వరాన్ని కాస్త కత్తిరించి సందు చేయండి. ముక్క మొదట్లోనే ఒక ఖాళీ బార్ చేర్చి, జనరల్ 1 అక్కడ పెడితే మొదటి స్వరానికల్లా అంతా సిద్ధంగా ఉంటుంది.

మూడోది పద్ధతి ఎంపిక. ఒక్కో స్టాప్‌ను ఒక్కో స్వరానికి కట్టి, నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అన్నట్టు కూడా చేయొచ్చు. వద్దంటాను. మధ్యలో ఆపి ఇంకోచోట నుంచి ప్లే చేస్తే ఏది ఆన్‌లో ఉందో స్కోరుకూ తెలియదు, మీకూ తెలియదు. గ్రాండ్‌ఆర్గ్ కాంబినేషన్ సెట్టర్‌లో నెక్స్ట్ అనే బటన్ ఉంది. నొక్కిన ప్రతిసారీ తర్వాతి అమరికకు వెళ్తుంది. కచేరీలో వాయించే మనిషికి అది వరం. స్కోరుకు మాత్రం ఉచ్చు. మన ముక్కలో మొదటి భాగం రెండుసార్లు వస్తుంది. రిపీట్ గుర్తు దగ్గర వెనక్కి వెళ్లినప్పుడు నెక్స్ట్ ముందుకే పోతుంది. జనరల్ 1 అంటే ఎప్పుడైనా జనరల్ 1 అమరికే. అందుకే పిస్టన్ల మాటే నా మాట.

ప్రింట్ తీసేటప్పుడు ఈ స్టాఫును ఇన్‌స్ట్రుమెంట్స్ దగ్గర దాచేయండి.

స్వరం ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ఆగిందో

పియానో స్వరం పుట్టగానే చావడం మొదలుపెడుతుంది. ఆర్గాన్ స్వరం వదిలేదాకా అదే బలంతో నిలుస్తుంది. అందువల్ల పియానోలో ఎవరూ పట్టించుకోని స్వరాల చివర్లు ఆర్గాన్‌లో ప్రాణం.

మన పెడల్ స్టాఫ్ చూడండి. ఒకే స్వరం వరుసగా వస్తుంది. మొదటిది ఆగిన క్షణంలోనే రెండోది మొదలైతే ఆ సందు వినపడదు. గుండె చప్పుడులా ఉండాల్సింది ఒక్క పొడవాటి మూలుగులా వస్తుంది. మ్యూజ్‌స్కోర్ 3లో పియానో రోల్ ఎడిటర్ తెరిచి, తిరిగి వచ్చే స్వరాల పొడవు తగ్గించండి. సీక్వెన్సర్‌లో అయితే అన్నింటినీ ఎంచుకుని ఒక్కసారే తగ్గించొచ్చు. ఎంత తగ్గించాలన్నది చర్చిని బట్టి ఉంటుంది. ప్రతిధ్వని ఎక్కువున్న శాంపిల్ సెట్‌లో సందు పెద్దది కావాలి, లేకపోతే గోడల మోతే దాన్ని పూడ్చేస్తుంది. దాదాపు మూడోవంతు కత్తిరించి మొదలుపెట్టి, చెవితో సరిచూసుకోండి. పక్కపక్క స్వరాలు వేరైన చోట మాత్రం కత్తిరించనక్కర్లేదు, ముఖ్యంగా ఎడమచేతిలో.

రెండో చిక్కు ఈ ముక్కలో రాదు కానీ, చర్చిలో పాడే నాలుగు గొంతుల హిమ్న్ ట్యూన్ టైప్ చేసిన రోజే వస్తుంది. మన ఊళ్లలో క్వయర్ ప్రాక్టీసుకు ఇలాంటి సెటప్ కావాలనుకునేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆల్టో, టెనర్ ఒకే స్వరం మీద కలిసిన చోట ఒకే మెట్టుకు రెండు ఆన్‌లు వెళ్తాయి. ఆల్టో ముందుగా ఆగితే ఆ ఆఫ్ మెట్టునే లేపేస్తుంది, టెనర్ గొంతు మధ్యలో తెగుతుంది. పరిష్కారం సులువే. రెండింట్లో పొట్టి స్వరాన్ని ఎంచుకుని, ఇన్‌స్పెక్టర్‌లో ప్లే అన్న టిక్ తీసేయండి. కాగితం మీద ఉంటుంది, ఆర్గాన్‌కు వెళ్లదు. హిమ్న్‌లు వాయించే ఆర్గనిస్టులకు ఒక పాత అలవాటు ఉంది: సొప్రానో స్వరం తిరిగి వస్తే మళ్లీ కొడతారు, లోపలి గొంతుల్లో తిరిగి వస్తే పట్టి ఉంచుతారు. స్కోరులో లోపలి గొంతులకు టై (రెండు స్వరాలను ఒకటిగా కలిపే గీత) వేస్తే జనం పాడటానికి వీలైన లయ దానంతటదే వస్తుంది.

రెండు స్టాఫుల్లోనూ ఒకే స్వరాలు కాపీ చేసి శబ్దం పెంచాలని చూడకండి. దానికి కప్లర్ ఉంది, ఒక మాన్యువల్ మెట్టు నొక్కితే రెండోదాన్ని కూడా పలికించే మీట. హార్మోనియంలో కప్లర్ వాడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పియానో, ఫోర్టే సంగతి

స్కోరులో పెట్టిన ఫోర్టే, మిడిలో వెలాసిటీగా (మెట్టు కొట్టిన జోరుగా) మారి వెళ్తుంది. ఆర్గాన్ దాన్ని చూసి నవ్వి ఊరుకుంటుంది. బలం మార్చే దార్లు రెండే: స్టాప్‌లు మార్చడం, స్వెల్ పెట్టె తలుపులు తెరిచి మూయడం. మొదటిది నాలుగో స్టాఫ్ చేస్తోంది. రెండోదానికి మిడి కంట్రోలర్ 11 వాడండి. గ్రాండ్‌ఆర్గ్‌లో స్వెల్ పెడల్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఆ కంట్రోలర్‌ను పట్టించి, సీక్వెన్సర్‌లో దాని గీతను మౌస్‌తో గీయండి. నొటేషన్‌లో హెయిర్‌పిన్ గుర్తు (శబ్దం క్రమంగా పెంచమని, తగ్గించమని చెప్పేది) నుంచే రాబట్టాలని తంటాలు పడేకన్నా ఇది వేగం. బాహ్‌కు స్వెల్ అసలు అక్కర్లేదు, ఫ్రెంచ్ రొమాంటిక్ సంగీతం దగ్గరికి వెళ్లినప్పుడు కావాలి.

స్కోరు ఒకే వేగంతో పోతే పిండిమర నడిచినట్టుంటుంది. ఆర్గనిస్టు ఒక స్వరాన్ని గట్టిగా కొట్టి నొక్కి చెప్పలేడు, దాని ముందు చిటికెడు సమయం ఆగి చెబుతాడు. వాక్యం ముగిసే చోట కనిపించని టెంపో గుర్తులు పెట్టి కొంచెం నెమ్మదించండి. పెద్ద చర్చి శాంపిల్ అయితే మొత్తం వేగమే కాస్త తగ్గించండి.

మోగకపోతే, ఆగకపోతే

ఏదైనా స్వరం ఆగకుండా మోగుతూ ఉంటే ప్యానిక్ నొక్కండి, మెనూలోనే ఉంటుంది. స్కోరును మధ్యలో ఆపినప్పుడు ఇలా జరగడం మామూలే. ఒక స్టాఫ్ మాత్రమే మోగకపోతే ముందు ఆ మాన్యువల్‌లో స్టాప్ ఏదైనా లాగి ఉందా చూడండి, తర్వాతే ఛానెల్ వెతకండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే. వేరే వాయిద్యంతో కలిపితే శ్రుతి కలవడం లేదంటే ఆశ్చర్యపోకండి. పాత ఆర్గాన్లన్నీ ఎ 440 హెర్ట్జ్ దగ్గర ఉండవు. గ్రాండ్‌ఆర్గ్‌లో శ్రుతిని సెంట్ల లెక్కన జరపొచ్చు, టెంపరమెంట్ (స్వరాల మధ్య దూరాలు సర్దే పద్ధతి) కూడా మార్చొచ్చు.

అంతా కుదిరాక గ్రాండ్‌ఆర్గ్‌లోనే రికార్డ్ నొక్కితే వేవ్ ఫైల్ తయారవుతుంది. స్కోరు చివర రెండు ఖాళీ బార్లు చేర్చి, ప్లే పూర్తిగా ఆగాక కూడా ఓ పది సెకన్లు ఆగి రికార్డింగ్ ఆపండి. చివరి కార్డు వదిలాక చర్చిలో తిరిగే మోత కూడా శాంపిల్ సెట్‌లో భాగమే, తొందరపడితే అది సగంలో తెగిపోతుంది.